రిజిస్టరులో ఎక్కని భార్య: నేటాల్, కేప్ వలసల్లో మతసమానత, వివాహ చట్టం

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఓపికగా కూర్చున్న శ్రోతలందరికీ నమస్కారం.

మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని బ్రిటిషు వలస అయిన నేటాల్‌కు కూలీలను తీసుకుపోయిన ఓడల జాబితాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. మనిషికొక వరస చొప్పున రాసిన జాబితాలవి. ముందు వలస సంఖ్య, ఆ తరువాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, చివర ఒంటి మీది పుట్టుమచ్చో పాత గాయమో ఏదో ఒక ఆనవాలు. ఆడమనిషి వరసలో కొన్నిచోట్ల ఫలానా సంఖ్య గల పురుషుడి భార్య అని ఒక ముక్క కనిపిస్తుంది. విశాఖపట్నం, గంజాం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల నుంచి వెళ్ళిన మన అప్పలమ్మలూ రామయ్యలూ ఆ జాబితాల్లో ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినిపించిన తీరులో నమోదై ఉన్నారు. నాయుడు నాయిడూగా మారిపోయింది ఇటువంటి కలాల కిందనే. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ జాబితాలోని 'భార్య' అన్న ముక్క గురించి. ఓడ ఎక్కేటప్పుడు సర్కారు గుమాస్తా తన చేత్తో రాసుకున్న ఆ మాటను, యాభై ఏళ్ళు గడిచాక అదే సర్కారువారి న్యాయస్థానం ఎందుకు ఒప్పుకోలేకపోయింది?

ముందుగా మూడు కాగితాల గురించి చెప్పాలి, ఎందుకంటే మతసమానత అన్న మాట ఆ వలసల్లో లేనిది కాదు. మొదటిది 1804 నాటిది. దక్షిణాఫ్రికాలోని మరో వలస అయిన కేప్ అప్పటికి డచ్చివారి ఏలుబడిలో ఉంది. కమిషనర్ డి మిస్ట్ ఆ సంవత్సరం జారీ చేసిన చర్చి శాసనం అన్ని మత సంఘాలకూ చట్టం ఎదుట సమాన రక్షణ ప్రకటించింది. అంతకు ముందు శతాబ్దంన్నర పాటు అక్కడి ముస్లింలకు బహిరంగంగా నమాజు చేసుకునే హక్కే లేదు. వారిలో చాలామంది బానిసలుగానో ఖైదీలుగానో తూర్పు దేశాల నుంచి తేబడినవారు. డచ్చి కంపెనీకి మచిలీపట్నంలోనూ పులికాట్‌లోనూ వర్తక స్థావరాలున్న కాలంలో కోరమాండల్ తీరం నుంచి కూడా బానిసలు కేప్‌కు చేరారు కనుక, ఈ కథలో మన తీరం వాటా 1860 కంటే చాలా ముందే మొదలయింది. రెండవ కాగితం 1843 నాటిది. నేటాల్‌ను బ్రిటిషు వారు కలుపుకున్నప్పుడు గవర్నరు నేపియర్ చేసిన ప్రకటన, చట్టం దృష్టిలో రంగును బట్టి గానీ పుట్టుకను బట్టి గానీ భాషను బట్టి గానీ మతాన్ని బట్టి గానీ ఎటువంటి భేదమూ ఉండదని షరతు పెట్టింది. మూడవది మనకందరికీ తెలిసిన 1858 నవంబరు 1 నాటి విక్టోరియా రాణి ప్రకటన. మత విశ్వాసం కారణంగా ఎవరికీ ప్రత్యేక ఆదరణ గానీ వేధింపు గానీ ఉండదని, అందరికీ చట్టం నిష్పక్షపాతంగా సమాన రక్షణ ఇస్తుందని అది చెప్పింది. ఆ తరువాత రెండేళ్ళకు, 1860 నవంబరు 16న, మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవులో లంగరు వేసింది. 1911లో ఈ వలస ఆగేనాటికి నేటాల్‌కు ఒప్పందపు కూలీలుగా చేరినవారి సంఖ్య 1,52,000 దాటింది. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు గుండా వెళ్ళినవారే.

కాగితాలు ఇంత ఉదారంగా ఉన్నప్పుడు చిక్కు ఎక్కడ వచ్చింది? గుడి కట్టుకోవడానికి, మసీదు కట్టుకోవడానికి, ఊరేగింపు తీయడానికి సంబంధించిన సమానత ఒకటి. పెళ్ళికి సంబంధించిన సమానత మరొకటి. గుడి విషయంలో ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే సరిపోతుంది. పెళ్ళి విషయంలో అది పక్కకు తప్పుకోవడం కుదరదు. ఎవరు ఎవరికి భార్య, ఎవరి బిడ్డ ఎవరికి వారసుడు, చనిపోయినవాడి దుకాణం ఎవరిది, ఓడ దిగినవాళ్ళలో ఎవరిని లోపలికి రానివ్వాలి అని ప్రతిసారీ తేల్చి చెప్పాల్సింది ప్రభుత్వమే. తేల్చి చెప్పడానికి దానికొక కొలబద్ద కావాలి. ఆ కొలబద్ద ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు సంగతి.

అది 1866లో లండన్‌లో తయారయింది. జాన్ హైడ్ అనే ఇంగ్లీషువాడు మోర్మన్ మతంలో చేరి, అమెరికాలోని యూటాలో ఆ మతాచారం ప్రకారం పెళ్ళి చేసుకున్నాడు. తరువాత ఆ మతాన్ని వదిలేశాడు. భార్య అక్కడే ఉండిపోయి మరొకరిని పెళ్ళాడింది. విడాకులు ఇప్పించమని అతడు ఇంగ్లండు కోర్టును ఆశ్రయించాడు. లార్డ్ పెంజాన్స్ అనే న్యాయమూర్తి ఆ పిటిషన్‌ను కొట్టివేస్తూ, క్రైస్తవ ప్రపంచం అర్థం చేసుకునే వివాహమంటే ఒక పురుషుడూ ఒక స్త్రీ మరెవరికీ చోటు లేకుండా జీవితాంతం కలిసి ఉండడమని నిర్వచించాడు. హైడ్‌కు ఉన్నది ఒక్కతే భార్య అన్న సంగతిని ఇక్కడ మనసులో పెట్టుకోండి. అయినా అతడి పెళ్ళి ఆ నిర్వచనంలో ఇమడలేదు, ఎందుకంటే అతడు పెళ్ళాడిన మతం రెండో భార్యను అనుమతించేది. అంటే కోర్టు చూసింది ఆ ఇంట్లో ఎంతమంది భార్యలున్నారని కాదు. ఆ మతం ఎంతమందిని ఒప్పుకుంటుందని చూసింది. మనిషి నడవడిక కాకుండా అతడి మతానికి ఉన్న వీలు ప్రమాణమైపోయింది. న్యాయంగా చెప్పాలంటే పెంజాన్స్ ఆ తీర్పులోనే ఒక హద్దు గీశాడు. తాను చెప్పింది దాంపత్య వ్యాజ్యాల వరకేనని, అటువంటి పెళ్ళిలో పుట్టిన పిల్లల వారసత్వం గురించి గానీ బయటివారి హక్కుల గురించి గానీ తాను ఏమీ తేల్చడం లేదని స్పష్టంగా అన్నాడు. నిర్వచనం సముద్రాలు దాటింది గానీ ఈ హద్దు మాత్రం లండన్‌లోనే ఉండిపోయింది.

అదే సమయంలో అదే రాణిగారి పేరు మీద మన దేశంలో నడిచిన కోర్టులు ఏం చేస్తున్నాయో చూద్దాం. 1772 నాటి వారెన్ హేస్టింగ్స్ ప్రణాళిక కాలం నుంచీ వివాహం, వారసత్వం వంటి విషయాల్లో హిందువులకు శాస్త్రాలూ ముస్లింలకు ఖురానూ ప్రమాణమన్న పద్ధతి ఉంది. 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం దానినే మళ్ళీ రాసిపెట్టింది. కనుక అనకాపల్లిలో జరిగిన పెళ్ళి విశాఖపట్నం జిల్లా కోర్టులో నిక్షేపంగా పెళ్ళే. ఆ దంపతులే డర్బన్‌లో దిగితే అదే సింహాసనం కింద పనిచేసే మరో కోర్టులో అది సందేహం. ఇండియాలో మతచట్టాన్ని ఒప్పుకోవడం పాలకుల ఔదార్యమని నేననను. కోట్లమంది పెళ్ళిళ్ళను తోసిపుచ్చితే పరిపాలనే సాగదు. నేటాల్‌లో భారతీయులు కొద్దిమంది, ఓటు లేనివారు, కూలి కోసం తెచ్చినవారు. వారిని తోసిపుచ్చినా పాలనకు ఇబ్బంది లేదు.

ఇక్కడ ఒక పక్కమాట. బహుభార్యాత్వమంటే ఆ వలస ప్రభుత్వానికి నిజంగా అంత ఏవగింపు ఉందా అని అడిగితే, అదే నేటాల్‌లో ఆఫ్రికన్ల పెళ్ళిళ్ళ సంగతి చూడాలి. 1849 నుంచి వారి మీద గుడిసెకు 7 షిల్లింగుల చొప్పున పన్ను వేశారు. ఆచారం ప్రకారం ఒక్కో భార్యకు ఒక్కో గుడిసె ఉంటుంది కనుక, ఎంతమంది భార్యలుంటే అన్ని పన్నులు. 1869లో ఆఫ్రికన్ల పెళ్ళికి 5 పౌన్ల రుసుము కూడా పెట్టి, కొన్నేళ్ళకు దాన్ని ఎత్తివేశారు. ఖజానాకు డబ్బు చేరేచోట భార్యలను లెక్కపెట్టడం వారికి బాగానే చేతనయింది.

కూలీల పెళ్ళిళ్ళకు ఒక ప్రత్యేక ఏర్పాటు ఉండేది. 1872లో ఒక విచారణ సంఘం కూలీల కష్టాలను పరిశీలించిన తరువాత, వలస కూలీల సంరక్షకుడు, వాళ్ళ మాటల్లో ప్రొటెక్టర్, అనే అధికారిని నియమించారు. 1891 నాటి 25వ నంబరు చట్టం కూలీల వివాహాలను ఆ అధికారి వద్ద నమోదు చేసే విధానాన్ని ఖాయం చేసింది. చెరకు తోట బారకాసుల్లో తాళి కట్టి, తలంబ్రాలు పోసి, పదిమందికి అన్నం పెట్టి, మరునాడు పనిలోకి వెళ్ళిన జంట తమ పెళ్ళి అయిపోయిందనుకుంది. చట్టం మాత్రం దాన్ని రిజిస్టరులో వెతికింది. తోట నుంచి ప్రొటెక్టర్ కార్యాలయానికి వెళ్ళాలంటే యజమాని సెలవు చీటీ ఇవ్వాలి. అది లేకుండా తోట దాటితే శిక్ష. ఇటువంటి చోట నమోదు చేసుకోకపోవడం నిర్లక్ష్యమని ఎవరైనా అంటే, వారు ఆ తోటలను ఊహించుకోలేదని నేనంటాను.

మన సంగతి చెప్పుకున్నా అంతే కదా. నా పెళ్ళికి నా దగ్గరున్న రుజువులు శుభలేఖ ఒకటి, రంగు వెలిసిన ఫోటోలు కొన్ని. అబ్బాయి దగ్గరికి విదేశం వెళ్ళవలసి వచ్చినప్పుడు, పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళకు, నేనూ మా ఆవిడా సాక్షులను వెంటబెట్టుకుని సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళి వేలిముద్రలు వేసి వచ్చాం. పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి చేస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చిందే 2002లో. కాగితం లేకపోతే మా ఆవిడ నా భార్య కాదని మాత్రం ఏ అధికారీ అనలేదు. వాళ్ళకు అన్నారు.

అన్నది 1913 మార్చి 14న. హసన్ ఈసప్ అనే గుజరాతీ ముస్లిం కేప్ రాష్ట్రంలో స్థిరపడినవాడు. స్వదేశం వెళ్ళి బాయి మరియం అనే ఆమెను ఇస్లాం ఆచారం ప్రకారం నికాహ్ చేసుకుని, తిరిగి వచ్చేటప్పుడు ఆమెను వెంట తెచ్చుకున్నాడు. స్థిరనివాసి భార్యకు ప్రవేశం ఇవ్వాలని వలస చట్టంలో ఉంది. అధికారులు ఆమెను దిగనివ్వలేదు. కేప్ ఉన్నత న్యాయస్థానంలో జస్టిస్ మాల్కమ్ సెర్ల్ ఆ వ్యాజ్యాన్ని విని, బహుభార్యాత్వాన్ని అనుమతించే మతాచారం ప్రకారం జరిగిన వివాహాన్ని ఇక్కడి చట్టం వివాహంగా గుర్తించదు కనుక, చట్టం ఉద్దేశించిన 'భార్య' ఆమె కాదని తేల్చారు. ఈసప్‌కు మరో భార్య లేదు. హైడ్ కథే మళ్ళీ, ఈసారి విడాకుల కోసం కాదు, కాపురం కోసం.

ఈ తీర్పు దక్షిణాఫ్రికాలోని భారతీయుల పెళ్ళిళ్ళన్నింటినీ ఒక్క దెబ్బతో రద్దు చేసిందని గాంధీ రాశారు. క్రైస్తవ పద్ధతిలో జరిగి రిజిస్ట్రారు వద్ద నమోదైనవి తప్ప మిగిలినవేవీ పెళ్ళిళ్ళు కావని, హిందూ, ముస్లిం, పార్శీ భార్యలందరూ ఉంపుడుగత్తెల స్థాయికి దిగజార్చబడ్డారని ఆయన వాదన. చట్టం చదువుకున్నవాడిగా నాకు ఈ మాట మీద కొంత పేచీ ఉంది. సెర్ల్ ముందున్నది ఒక స్త్రీ ప్రవేశానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే. తీర్పు పరిధి చిన్నది, ప్రచారంలో అది పెద్దదయింది. అయితే గాంధీ కూడా న్యాయవాదే. ఒక తర్కాన్ని ఒక గుమ్మంలో ఒప్పుకుంటే అది ఇంట్లోని మిగిలిన గదుల్లోకి నడుచుకుంటూ పోతుందని ఆయనకు తెలుసు. ఆయన చూపు తప్పు కాదని నాలుగేళ్ళకే రుజువయింది. 1917లో దక్షిణాఫ్రికా అత్యున్నత అప్పీలు కోర్టు, సీదత్ అనే ముస్లిం ఆస్తి విషయంలో, ఇండియాలో నిక్షేపంగా చెల్లే పెళ్ళి అయినప్పటికీ ఆ భార్యను బతికున్న జీవిత భాగస్వామిగా లెక్కించి వారసత్వ సుంకంలో మినహాయింపు ఇవ్వడానికి నిరాకరించింది. ప్రవేశ ద్వారం దగ్గర మొదలైన తర్కం నాలుగేళ్ళలో వీలునామాల గదిదాకా వచ్చింది.

తీర్పు తరువాత మూడు నెలలకే వలసలు కలిసి ఏర్పడిన దక్షిణాఫ్రికా యూనియన్ పార్లమెంటు కొత్త వలస నియంత్రణ చట్టం చేసింది. అది 1913 నాటి 22వ నంబరు చట్టం. భారతీయుల ఆందోళనను కొంత చల్లార్చడానికి అందులో ఒక క్లాజు చేర్చారు. దేశం వెలుపల ఏ మతాచారం ప్రకారమైనా సక్రమంగా జరిగిన, చట్టబద్ధమైన, ఏకపత్నీ వివాహపు భార్యకు ప్రవేశం ఉంటుందని దాని సారాంశం. వింటే ఎంత బాగుంది! ఏ మతమైనా సరేనట. కానీ 'ఏకపత్నీ' అన్న మాట పక్కన సెర్ల్ తీర్పును పెట్టి చదివితే, రెండో పెళ్ళిని ఒప్పుకునే మతంలో జరిగిన పెళ్ళి ఏదీ ఏకపత్నీ వివాహం కాదు. అప్పటికి హిందూ ధర్మశాస్త్రం కూడా రెండో పెళ్ళిని నిషేధించలేదు, మన దేశమంతటికీ వర్తించే నిషేధం 1955లో గానీ రాలేదు. కనుక 'ఏ మతాచారం ప్రకారమైనా' అని పిలిచిన చెయ్యే 'ఏకపత్నీ' అని తలుపు మూసింది. మతం పేరెత్తకుండా మతాన్ని బట్టి మనుషులను వేరుచేయడం ఎలాగో తెలుసుకోవాలంటే ఈ ఒక్క క్లాజును విద్యార్థుల చేత చదివించాలి.

తరువాత జరిగిన సత్యాగ్రహం మీలో చాలామంది చదివే ఉంటారు కనుక క్లుప్తంగా చెబుతాను. పోరాటానికి పెళ్ళి ఒక్కటే కారణం కాదు. ఒప్పందం ముగిసినా దేశంలో ఉండిపోయిన కూలీల మీద 1895 చట్టం వేసిన ఏటా 3 పౌన్ల పన్ను అంతకంటే బరువైనది. మొదటి ఏడాది కూలీకి నెలకు 10 షిల్లింగులు జీతం కనుక, 3 పౌన్లంటే ఆరు నెలల జీతం. అది మగవాడికీ, అతడి భార్యకీ, పదమూడేళ్ళు దాటిన కూతురికీ, పదహారేళ్ళు దాటిన కొడుకుకీ విడివిడిగా వర్తించేది. పన్ను వసూలు చేసేటప్పుడు ఆమె ఎవరి భార్య అన్న సందేహం ఎవరికీ రాలేదు.

పెళ్ళి ప్రశ్న తెచ్చిన అసలు మార్పు ఏమిటంటే, అంతవరకూ సత్యాగ్రహానికి బయటే ఉన్న స్త్రీలు జైలుకు సిద్ధపడ్డారు. డర్బన్ దగ్గర తాను నెలకొల్పిన ఫీనిక్స్ ఆశ్రమంలో గాంధీ ఇతర స్త్రీలతో ఈ విషయం మాట్లాడుతుంటే విన్న కస్తూరిబా, నాకు మాత్రం చెప్పలేదేం, జైలుకు పోవడానికి నాలో ఏం లోపం ఉందని నిలదీశారని ఆయనే రాసుకున్నారు. 1913 సెప్టెంబరులో ఫీనిక్స్ నుంచి బయలుదేరి అనుమతి లేకుండా పక్కనున్న ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటిన 16 మందిలో నలుగురు స్త్రీలు. కస్తూరిబాకు మూడు నెలల కఠిన కారాగారం పడింది. ట్రాన్స్‌వాల్ నుంచి పదకొండు మంది స్త్రీలు ఎదురు దిశలో నేటాల్‌లోకి దిగి, న్యూకాసిల్ బొగ్గు గనుల వద్దకు వెళ్ళి, పన్ను పోయేదాకా పని మానండని కూలీలతో మాట్లాడారు. అక్టోబరు నడుమ గనులు ఆగిపోయాయి. నవంబరు 6న నేటాల్ సరిహద్దు ఊరైన చార్ల్స్‌టౌన్ నుంచి 2,037 మంది మగవాళ్ళూ, 127 మంది ఆడవాళ్ళూ, 57 మంది పిల్లలూ నడక సాగించారు.

ఆ పదకొండు మంది స్త్రీల జాబితా గాంధీ రాతల్లో ఉంది. వారిలో కొందరు చంటిబిడ్డలను చంకనేసుకుని జైలుకు వెళ్ళారు. ఆ పేర్లు ఇలా ఉంటాయి: మిసెస్ తంబి నాయుడు, మిసెస్ పి.కె. నాయుడు, మిసెస్ పెరుమాళ్ నాయుడు, మిసెస్ మురుగేశ పిళ్ళై... పెళ్ళికాని ఇద్దరు పిల్లలకు తప్ప మరెవరికీ సొంత పేరు లేదు. తంబి నాయుడు గారి భార్య పేరు వీరమ్మాళ్ అని మనకు వేరేచోట తెలుస్తుంది. తంబి నాయుడు మారిషస్‌లో పుట్టినవాడు, తమిళంతోపాటు తెలుగూ మాట్లాడేవాడు. నాయుడన్న ఇంటిపేరు దక్షిణాఫ్రికాలో తెలుగు మూలాల గుర్తుగా నేటికీ నిలిచి ఉంది. నన్ను పట్టుకున్నది ఈ జాబితాయే. వీరు ఎవరికీ భార్యలు కారని చట్టం అంటుంటే, కాదు భార్యలమేనని చెప్పడానికి జైలుకు వెళ్ళినవారు చరిత్రలో మిగిలింది కేవలం భార్యలుగానే. ఓడ జాబితాలో కనీసం అప్పలమ్మ అని ఉండేది.

పోరాటం ఫలించింది. 1913 డిసెంబరులో జస్టిస్ విలియం సాలమన్ అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడి, 1914 మార్చిలో నివేదిక ఇచ్చింది. ఆ సంవత్సరం మధ్యలో భారతీయుల ఉపశమన చట్టం వచ్చింది. విచిత్రమేమిటంటే అదీ 22వ నంబరే, 1914 నాటి 22. మూడు పౌన్ల పన్ను పోయింది. వివాహం గురించి అది చేసినవి మూడు. భారతీయ మతాల పురోహితులను, మౌల్వీలను వివాహాధికారులుగా నియమించవచ్చునంది. వారు తమ ఆచారం ప్రకారం జరిపించి నమోదు చేసిన పెళ్ళి చట్టం ఎదుట పెళ్ళి. అప్పటికే కలిసి కాపురం చేస్తున్న, వాస్తవంలో ఒకే భార్య ఉన్న దంపతులు వచ్చి నమోదు చేసుకుంటే ఆ బంధానికి చట్టబద్ధత ఇస్తానంది. ఇక విదేశం నుంచి తెచ్చుకునే భార్య విషయంలో, ఆమె మతం బహుభార్యాత్వాన్ని ఒప్పుకున్నా సరే, యూనియన్‌లో అతడికి మరో భార్య లేకపోతే ఆమెకు ప్రవేశం ఇస్తానంది.

ఈ మూడింటిలో మొదటిసారిగా కొలబద్ద మతం మీద నుంచి మనిషి మీదికి మారింది. నీ మతం ఏం ఒప్పుకుంటుందని కాకుండా నీకు ఎంతమంది ఉన్నారని అడిగింది. ఇది చిన్న విజయం కాదు. కానీ దీన్ని మతసమానత అనడానికి నాకు నోరు రావడం లేదు. కాపురం నమోదైతేనే చెల్లుతుంది, పురోహితుడు ప్రభుత్వం ఇచ్చిన హోదాతోనే పెళ్ళి చేయాలి, అప్పటికే ఇద్దరు భార్యలున్న ఇళ్ళలో రెండో ఆమెకు చట్టంలో చోటే లేదు. ఆ కొద్దిమందినీ పాలనాపరమైన దయతో చూస్తామన్న హామీ మాత్రం యూనియన్ ప్రభుత్వ మంత్రి జనరల్ స్మట్స్‌తో నడిచిన ఉత్తరాల్లో ఉంది. వివాహం విషయంలో ఈ చట్టం ఇంతకంటే ముందుకు పోలేదని తన మనుషుల్లోనే కొందరికి అసంతృప్తి ఉందని 1914 జూన్ 30 నాటి ఉత్తరంలో గాంధీ స్వయంగా ఒప్పుకున్నారు. జూలై 18న ఆయన ఓడెక్కి వెళ్ళిపోయారు. ఉత్తరంలోని హామీ అక్కడి స్త్రీల దగ్గర ఉండిపోయింది.

తరువాత ఏం జరిగింది? 1961 నాటి దక్షిణాఫ్రికా వివాహ చట్టంలో ఇప్పటికీ ఒక వాక్యం ఉంది: క్రైస్తవ, యూదు, ముస్లిం ఆచారాల ప్రకారం, లేదా ఏదైనా భారతీయ మతపు ఆచారాల ప్రకారం పెళ్ళి జరిపించడానికి అధికారులను నియమించవచ్చు. ఆ 'ఏదైనా భారతీయ మతం' అన్న పదబంధం 1914 నాటి చట్టపు వాసన వేస్తుంది. హిందూ అన్న మాట లేదు. ఎక్కడి నుంచి వచ్చావో ఆ చిరునామాయే నీ మతానికి పేరు. ముస్లిం పెళ్ళిళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం. అధికారి ఎదుట నమోదు చేసుకోని నికాహ్‌ల సంగతి 1983లో మళ్ళీ అప్పీలు కోర్టుకు వచ్చింది. ఇస్మాయిల్ కేసులో భార్య మనోవర్తినీ, పెళ్ళిలో భర్త ఇస్తానన్న సొమ్ము అయిన మెహర్‌నూ అడిగితే, బహుభార్యాత్వానికి వీలున్న పెళ్ళి ప్రజానీతికి విరుద్ధం కనుక దాని మీద పుట్టిన ఏ హక్కూ అమలు కాదన్నారు. లండన్‌లో ఆ నిర్వచనం పుట్టి అప్పటికి 117 ఏళ్ళు.

వర్ణవివక్ష పోయి కొత్త రాజ్యాంగం వచ్చాక గాని ఈ ముడి విడడం మొదలుకాలేదు. ఆఫ్రికన్ల సంప్రదాయ వివాహాలను బహుభార్యాత్వంతో సహా గుర్తిస్తూ 1998లో చట్టం వచ్చింది. ముస్లిం భార్యల వారసత్వాన్ని 2004లో ఒకసారి, 2009లో ఇద్దరు భార్యలున్న ఇంటి విషయంలో మరోసారి రాజ్యాంగ న్యాయస్థానం నిలబెట్టింది. ముస్లిం వివాహాలను గుర్తించకపోవడం రాజ్యాంగ విరుద్ధమని 2022 జూన్‌లో తేల్చి, సరిదిద్దమని పార్లమెంటుకు 24 నెలల గడువు పెట్టింది. విడాకుల చట్టానికి 2024లో సవరణ జరిగింది.

ఇవన్నీ జొహానెస్‌బర్గ్ పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చిన తీర్పులు. నేను ముగించదలచుకున్నది మాత్రం అంతగా చప్పుడు చేయని ఒకదానితో. 2008లో డర్బన్ హైకోర్టు ముందుకు గోవెందర్, రాగవయా అన్న పేర్లతో ఒక వ్యాజ్యం వచ్చింది. రాగవయా అన్న పేరు చదవగానే, ఓడ జాబితా రాసిన గుమాస్తా చెవిలో పడి ఒత్తు పోగొట్టుకున్న ఏ రాఘవయ్యో నాకు కనిపించాడు. హిందూ ఆచారం ప్రకారం పెళ్ళయింది, నమోదు కాలేదు. భర్త వీలునామా రాయకుండా చనిపోయాడు. నమోదు లేదు కనుక ఆమె భార్య కాదని, ఆస్తి అతడి తల్లిదండ్రులదని అవతలి వాదన. 1913లో బాయి మరియం నిలబడిన చోటే ఈమే నిలబడింది, కాకపోతే రేవులో కాదు, అత్తవారింటి గుమ్మంలో. ఆ పెళ్ళి ఒక్క భార్యతో, హిందూ ఆచారం ప్రకారం జరిగినదే కనుక, వారసత్వ చట్టంలోని 'జీవిత భాగస్వామి' అన్న మాటలోకి ఆమె వస్తుందని న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పు కోసం పరిశీలించవలసింది మంటపంలో ఏం జరిగిందన్నదే. ఎక్కడ జరిగింది, ఎవరు జరిపించారు, తాళి కట్టారా, వారు కలిసి ఉన్నారా. రిజిస్టరు అడగలేదు.

నాకిచ్చిన సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే వింటాను.